తీగకు తిండి పెట్టేదెవరు?

జర్మనీలో కార్యాలయపు టెలిఫోను, దాని విద్యుత్తు: ఒక చరిత్ర

జర్మనీలో నేను పనిచేసే చిన్న క్లినిక్‌లో కొన్నేళ్ళ క్రితం పాత టెలిఫోన్లు తీసేసి కొత్తవి పెట్టించాం. మాట స్పష్టంగా ఉంది, ఖర్చు తగ్గింది, అందరం సంతోషించాం. ఆ తరవాతి శీతాకాలంలో ఒక ఉదయం మా వీధి మొత్తానికి విద్యుత్తు పోయింది. దీపాలు ఆరినందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. రిసెప్షన్‌లోని సహాయకురాలు బల్లమీది ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ దించేసి, “ఇది కూడా పోయింది డాక్టర్!” అన్నది. నలభై నిమిషాల తరవాత కరెంటు వచ్చింది. ఆ నలభై నిమిషాల్లో, పక్క పేటలో ఛాతీనొప్పితో బాధపడుతున్న ఒక వృద్ధుడి భార్య మా నంబరుకే పదేపదే ఫోను చేసిందని, మేము పలకకపోయేసరికి చివరికి 112కు చేసిందని మధ్యాహ్నం తెలిసింది. ఆయన కోలుకున్నాడు. కానీ ఆమె పోగొట్టుకున్న అరగంట ఎంత విలువైనదో గుండెజబ్బుల గురించి కొద్దిగా తెలిసినవారికైనా చెప్పనక్కరలేదు.

నేను పెరిగిన ఊళ్ళో కరెంటు రోజూ పోయేది. అయినా ప్రభుత్వాసుపత్రి బల్లమీది నల్లటి ఫోను లాంతరు వెలుతురులో కూడా మోగేది. కరెంటు లేనప్పుడు అది ఎలా మోగుతోందని మేమెవరమూ అడగలేదు. నలభై ఏళ్ళ తరవాత, ప్రపంచంలోకెల్లా నమ్మదగిన విద్యుత్ సరఫరా ఉన్న దేశాల్లో ఒకదానిలో కూర్చుని, ఆ ప్రశ్న అడగవలసి వచ్చింది: ఫోనుకు విద్యుత్తు ఎక్కడినుంచి వస్తుంది?

జర్మన్ ఇంజనీర్లు ఫోను తీగలోకి విద్యుత్తు పంపడాన్ని ‘ష్‌పైజుంగ్’ అంటారు. మామూలు భాషలో ఆ మాటకు తిండి పెట్టడమని అర్థం. టెలిఫోను చరిత్రను కనిపెట్టినవాళ్ళ చరిత్రగా చాలామంది రాశారు. దానికి తిండి పెట్టినవాళ్ళ చరిత్రగా చూస్తే కథ కొంచెం వేరుగా కనిపిస్తుంది.

ప్రతి బల్లకూ ఒక బ్యాటరీ

1861 అక్టోబరు 26న ఫ్రాంక్‌ఫర్ట్‌లోని భౌతికశాస్త్ర సంఘంలో ఫిలిప్ రైస్ అనే బడిపంతులు శబ్దాన్ని తీగద్వారా పంపే తన పరికరాన్ని ప్రదర్శించాడు. గుర్రం దోసకాయ పచ్చడి తినదు అనే అర్థం వచ్చే వాక్యంతో దాన్ని పరీక్షించారని చెబుతారు. ఆ పరికరం బ్యాటరీ మీద నడిచింది. అమెరికాలో 1876లో బెల్ పేటెంటు పొందిన ఫోను మాత్రం వేరే రకం. అందులో మనిషి గొంతు ఒక పల్చటి రేకును కదిలిస్తుంది; ఆ కదలిక అయస్కాంతం దగ్గరున్న తీగచుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తును పుట్టిస్తుంది. బ్యాటరీ అక్కరలేదు. తిండి పెట్టేది మాట్లాడేవాడి ఊపిరే!

జర్మన్ తపాలా శాఖాధిపతి హైన్రిఖ్ ఫాన్ స్టెఫాన్ చేతికి 1877 అక్టోబరులో బెల్ ఫోన్లు రెండు వచ్చాయి. అక్టోబరు 26న బెర్లిన్‌లో రెండు కార్యాలయాల మధ్య వాటిని పరీక్షించాడు. జర్మనీలో టెలిఫోను పుట్టినరోజుగా చెప్పుకొనే ఆ సంభాషణ ఒక ఆఫీసు బల్లనుంచి మరొక ఆఫీసు బల్లకు జరిగినదే. బెల్ జర్మనీలో పేటెంటు తీసుకోకపోవడంతో సీమెన్స్ సంస్థ వెంటనే ఫోన్ల తయారీకి దిగింది. ఈ యంత్రానికి ‘ఫెర్న్‌ష్‌ప్రెఖర్’, అంటే దూరంగా మాట్లాడేది అని, స్వభాషలో పేరు పెట్టినవాడు కూడా స్టెఫానే.

ఊపిరితో పుట్టే విద్యుత్తు ఎక్కువ దూరం పోదు. ఆ లోటును కర్బన మైక్రోఫోను తీర్చింది. ఇందులో గొంతు విద్యుత్తును పుట్టించదు. బ్యాటరీనుంచి పారుతున్న విద్యుత్తు కర్బనపు రేణువుల గుండా పోతుంటే, మాట ఆ రేణువులను నొక్కి వదులుతుంది. దానితో ప్రవాహం పెరిగి తగ్గుతుంది. కాలవకు తూము ఎలాగో, విద్యుత్తుకు గొంతు అలాగ. అయితే తూము పనిచేయాలంటే కాలవలో నీరుండాలి. అందుకని ప్రతి ఫోను పక్కనా ఒక బ్యాటరీ పెట్టవలసి వచ్చింది.

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాళ్ళకు ఈ బ్యాటరీ పాత పరిచయమే. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసి భాగాలు గుర్తించమనే లెక్లాంచి ఘటం అది. గాజు జాడీలో అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం, అంటే పాత్రలకు కళాయి వేసేవాడు వాడే నవాసాగరం. అందులో జింకు కడ్డీ, మాంగనీస్ డయాక్సైడ్ మధ్య కర్బన కడ్డీ. ఒక్కొక్క ఘటం ఇచ్చేది ఒకటిన్నర వోల్టు. ద్రావణం ఆవిరైతే నీళ్ళు పోయాలి, జింకు అరిగితే మార్చాలి. అవతలివారి గంట మోగించడానికి చేతితో తిప్పే చిన్న జనరేటరు వేరే. 1881లో బెర్లిన్‌లో ఎక్స్‌చేంజి ప్రారంభమైనప్పుడు చేరినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళ పేర్లతో అచ్చయిన మొదటి డైరెక్టరీని జనం ‘మూర్ఖుల పుస్తకం’ అని వెక్కిరించారు. చందాదారులు వందల్లోంచి వేలల్లోకి పెరిగేసరికి ఊరంతా తిరిగి జాడీల్లో నీళ్ళు పోయడం తలకు మించిన పని అయింది.

ఎక్స్‌చేంజి వంటిల్లు

పరిష్కారం సులువైనదే. ఇంటింటికీ పొయ్యి పెట్టే బదులు ఒకేచోట వండి అందరికీ పంపడం. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో జర్మన్ నగరాలు ఈ కేంద్ర బ్యాటరీ పద్ధతికి మారుతూ వచ్చాయి. ఎక్స్‌చేంజి భవనంలో సీసపు బ్యాటరీలు వరసగా పేర్చారు. ఒక్కొక్కటి 2 వోల్టుల చొప్పున 30 ఘటాలు కలిపితే 60 వోల్టులు. చాలా దేశాలు 48 వోల్టులతో సరిపెట్టుకుంటే జర్మనీలో 60 స్థిరపడింది. ఊరి విద్యుత్తు ఈ బ్యాటరీలను నింపుతూ ఉంటుంది. అది పోయినా బ్యాటరీలు ఫోన్లను నడుపుతాయి; పెద్ద ఎక్స్‌చేంజీలలో డీజిలు జనరేటర్లు కూడా ఉండేవి.

బల్లదాకా వచ్చేవి రెండే రాగితీగలు. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు వాటిలో నిలకడగా విద్యుత్తు పారదు. రిసీవరు ఎత్తగానే వలయం పూర్తయి 20 నుంచి 60 మిల్లీ ఆంపియర్ల ఏకముఖ విద్యుత్తు పారుతుంది. చందాదారు ఫోను ఎత్తాడని ఎక్స్‌చేంజికి తెలిసేది దానివల్లనే. డయలు తిప్పితే ఆ ప్రవాహమే నంబరును బట్టి తెగి తెగి పారుతుంది. మాట్లాడితే అదే హెచ్చుతగ్గులవుతుంది. గంటకు మాత్రం సెకనుకు 25 ఆవృత్తుల ఏకాంతర విద్యుత్తును అదే తీగల మీద పంపుతారు. తిండి, పిలుపు, చిరునామా, మాట, నాలుగూ ఆ రెండు తీగల్లోనే. 1908 జులై 10న హిల్డెస్‌హైమ్‌లో ఐరోపాలోనే మొదటి స్వయంచాలక స్థానిక ఎక్స్‌చేంజి 900 మంది చందాదారులతో మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం తరవాత వచ్చిన నల్లటి డబ్ల్యు-48 ఫోను, 1960లలో వచ్చిన బూడిదరంగు ఫోను, రెండూ ఈ కూటి మీదనే బతికాయి. ఫోను తినేది మాట్లాడినంతసేపే, అదీ వాటులో కొంత భాగమో, మహా అయితే ఒకటి రెండు వాట్లో.

ఈ ఏర్పాటులో తీగతో పాటు బాధ్యత కూడా తపాలా శాఖదే. ఫోను శాఖది, అద్దెకు ఇచ్చేది, తీగ శాఖది, గోడమీది సాకెట్టు శాఖది. చందాదారు దాన్ని విప్పడానికి వీల్లేదు. ఈ గుత్తాధిపత్యాన్ని అందరూ తిట్టుకున్నారు, న్యాయంగానే. పరికరాల మీద అది 1990 జులై 1న పోయింది. అయితే ఆ ఏర్పాటులో ఒక సుఖం ఉండేది. ఫోను ఎలా బతుకుతోందో ఎవరూ ఆలోచించనక్కరలేదు.

ఆఫీసులో మూడో తీగ

ఇంట్లో ఒక ఫోను చాలు. ఆఫీసుకు ఇరవై కావాలి. ఇరవై లైన్ల అద్దె కట్టలేక, నాలుగైదు లైన్లను ఇరవై బల్లలకు పంచే చిన్న ఎక్స్‌చేంజిని ఆఫీసులోనే పెట్టుకోవడం మొదలైంది. ఈ వ్యాపారాన్ని జర్మనీలో పెంచినవారిలో ముఖ్యుడు హ్యారీ ఫుల్డ్. 1899లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన ప్రారంభించిన సంస్థ ఆఫీసులకు ఫోన్లను అమ్మకుండా అద్దెకిచ్చింది. మరమ్మతు భారం సంస్థదే. 1928లో ఆ సంస్థ తెచ్చిన ‘ఫ్రాంక్‌ఫర్ట్’ నమూనా ఫోను ఆధునిక రూపకల్పన చరిత్రలో నిలిచిపోయింది. ఫుల్డ్ యూదుడు. 1932లో మరణించాడు. నాజీల పాలనలో ఆ సంస్థను యూదుల చేతుల్లోంచి లాగేసుకుని పేరు కూడా మార్చేశారు.

ఆఫీసు ఫోనుకు ఇంటి ఫోనుతో ఒక తేడా ఉండేది. రెండు తీగలతోబాటు మూడోది, ఎర్త్ తీగ. ఫోనుమీద ఒక చిన్న బొత్తాం ఉంటుంది. అది నొక్కితే లైను క్షణకాలం భూమికి కలుస్తుంది. అవతలివారిని ఆపి, పక్క గదిలోని సహోద్యోగిని అడిగి, కాల్ అతనికి బదిలీ చేయాలన్న సంకేతం అది. మన ఆఫీసుల్లో “ఒక్క నిమిషం, సార్‌కి ఇస్తున్నా” అనే మాట వెనక ఇక్కడ ఒక తీగ ఉండేదన్నమాట! తరవాతి కాలంలో వాడిన సాకెట్లలో ఆరు బిందువులుంటాయి: వచ్చే తీగలు రెండు, అదనపు గంటకు ఒకటి, ఎర్త్‌కు ఒకటి, తిరిగి పోయే తీగలు రెండు. మూడో తీగ వేయడం మరచిపోతే ఫోను మోగుతుంది, మాటా వినిపిస్తుంది, కాల్ మాత్రం బదిలీ కాదు.

ఆఫీసు ఎక్స్‌చేంజి తన ఫోన్లకు తానే తిండి పెట్టాలి. దానికి భవనంలోని కరెంటే ఆధారం. అంటే ఆఫీసులో బాధ్యత అప్పుడే ఒక మెట్టు దిగింది. దీన్ని గుర్తించిన ఇంజనీర్లు పెద్ద చోట్ల బ్యాటరీ గది కట్టించారు. చిన్న చోట్ల ఒక రిలే పెట్టారు. భవనంలో కరెంటు పోగానే ఆ రిలే వదులై, బయటినుంచి వచ్చే లైనును నేరుగా ఒక నిర్ణీత ఫోనుకు కలుపుతుంది. పంతొమ్మిది ఫోన్లు మూగబోయినా ఇరవయ్యోది ఊరి ఎక్స్‌చేంజి తిండితో బతికే ఉంటుంది.

పిలుపు అందాలి

ఆ ఒక్క ఫోను ఎందుకు ముఖ్యమో జర్మన్ సమాజం ఒక పిల్లవాడి మరణంతో నేర్చుకుంది. 1969 మే 3న స్టుట్‌గార్ట్ దగ్గరి విన్నెండెన్‌లో, ఈతకొలను నుంచి ఇంటికి వస్తున్న ఎనిమిదేళ్ళ బ్యోర్న్ స్టైగర్‌ను కారు గుద్దింది. చూసినవాళ్ళు వెంటనే ఫోన్లు చేశారు. అంబులెన్సు రావడానికి దాదాపు గంట పట్టింది. దెబ్బలు ప్రాణాంతకమైనవి కావు. షాక్ వల్ల దారిలోనే చనిపోయాడు. అత్యవసర సహాయానికి దేశమంతటికీ ఒకే నంబరు అప్పటికి లేదు. తల్లిదండ్రులు అదే ఏడాది ఒక సంస్థ స్థాపించి పోరాడారు. 1973 సెప్టెంబరులో 110, 112 నంబర్లను దేశమంతటా ప్రవేశపెట్టాలని నిర్ణయం జరిగింది. రోడ్ల పక్కన అత్యవసర ఫోన్లు నాటించడం కూడా ఆ సంస్థ చేసిన పనుల్లో ఒకటి.

112 అనే మూడంకెలు పనిచేయాలంటే చివర ఒక అంబులెన్సు ఉండాలి, మొదట ఒక బతికున్న ఫోను ఉండాలి. ఆ రోజుల్లో రెండో షరతును ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయవలసిన పని లేదు. 60 వోల్టులు ఎప్పుడూ ఉండేవి.

ఎనిమిదిలో ఒకటి

1989లో జర్మనీలో ఐఎస్‌డీఎన్ ప్రారంభమైంది. మాటను అంకెలుగా మార్చి పంపే ఈ పద్ధతి ఆఫీసులకు బాగా నచ్చింది. బయటినుంచి వచ్చే రెండు తీగలు గోడమీది ఒక చిన్న పెట్టెలో ఆగుతాయి. అక్కడినుంచి నాలుగు తీగల వరస గదుల గుండా పోతుంది. దానిమీద 12 సాకెట్లదాకా, 8 పరికరాలదాకా పెట్టవచ్చు; చివరి సాకెట్టులో తీగల జంట ఒక్కింటికి 100 ఓముల నిరోధం బిగించాలి, లేకపోతే సంకేతాలు చివరన కొట్టుకుని వెనక్కి వచ్చి గందరగోళం చేస్తాయి. పాత భవనాల గోడల్లో ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు రంగుల నాలుగు తీగల కేబులు ముందే ఉండడం వల్ల చాలాచోట్ల కొత్త తీగ లాగనవసరం లేకపోయింది.

అంకెల ఫోను పాత ఫోనుకన్నా ఎక్కువ తింటుంది. కాబట్టి ఆ పెట్టెను గోడమీది 230 వోల్టుల ప్లగ్గుకు తగిలించాలి. అది నాలుగు తీగల మీదుగా 40 వోల్టులు పంచుతుంది. మరి కరెంటు పోతే? పాత తరం ఇంజనీర్ల శ్రద్ధ ఇక్కడ కనిపిస్తుంది. కరెంటు పోగానే ఎక్స్‌చేంజినుంచి వచ్చే విద్యుత్తుతోనే పెట్టె నడుస్తూ, తీగల మీద ధ్రువాలను తలకిందులు చేస్తుంది. ముందే అనుమతించి ఉంచిన ఒకే ఒక్క ఫోను ఆ తలకిందులైన విద్యుత్తును గుర్తించి తీసుకుంటుంది. దానికి దక్కేది సుమారు 0.4 వాటు. మిగిలిన ఏడు పరికరాలూ పస్తుండాలి. ఆ ఒక్కటీ ఏదో ఆఫీసువాళ్ళు ముందుగా తేల్చుకోవాలి. ఫోను అడుగున ఒక చిన్న మీటనో మెనూలో ఒక అమరికనో మార్చాలి. చాలామంది మార్చలేదు. అయినా అవకాశమైతే ఉండేది.

గుండుసూదంత మర్యాద

2010ల చివరికల్లా జర్మనీలో పాత ఫోను సేవ, ఐఎస్‌డీఎన్ దాదాపుగా కనుమరుగయ్యాయి. మాట ఇంటర్‌నెట్ మీదుగా పోయే రోజులు వచ్చాయి. ఇప్పుడు బల్లమీద ఉన్నది ఫోను ఆకారంలో ఉన్న చిన్న కంప్యూటరు. పిలుపు కోసం కాచుకుని ఊరికే కూర్చున్నా రెండు మూడు వాట్లు తింటూనే ఉంటుంది.

దానికి తిండి రెండు దారుల్లో పెట్టవచ్చు. బల్లకింద ఒక అడాప్టరు తగిలించడం ఒకటి. లేదా కంప్యూటరు కేబులులోనే విద్యుత్తు పంపడం. రెండో దానికి 2003లో 802.3ఏఎఫ్ అనే ప్రమాణం వచ్చింది. ఎనిమిది తీగల కేబులు, ప్రతి బల్లనుంచి నేరుగా ఒక బీరువాదాకా, 100 మీటర్లు మించకుండా వేయాలి. బీరువాలోని స్విచ్ అనే పెట్టె సుమారు 48 వోల్టులు, ఒక్కో బల్లకు గరిష్ఠంగా 15.4 వాట్లు పంపుతుంది. దారిలో కేబులు వేడికి పోయేది పోగా ఫోనుకు 12.95 వాట్లు దక్కుతాయని హామీ. చూస్తే ఇది పాత కేంద్ర బ్యాటరీ పద్ధతే. ఒకేచోట వండి బల్లబల్లకూ పంపడమే. వోల్టులు కూడా ఇంచుమించు అవే.

ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. స్విచ్ ముక్కూమొహం తెలియని పరికరానికి విద్యుత్తు పంపదు. ముందు చాలా తక్కువ వోల్టేజితో తట్టి చూస్తుంది. అవతల సుమారు 25 కిలో ఓముల నిరోధం తగిలితేనే, ఇది తినగల పరికరమని నిర్ధారించుకుని పూర్తి విద్యుత్తు వదులుతుంది. మందు ఎక్కించేముందు వైద్యుడు చేసే పరీక్షలాంటిది. గుండుసూది మొనంత స్పర్శలోనే అంత మర్యాద ఉంది.

తేడా ఎక్కడుందంటే, ఈ వంటిల్లు ఊరి ఎక్స్‌చేంజిలో లేదు, మన బీరువాలో ఉంది. దాని పొయ్యికి కట్టెలు మనమే తేవాలి. బయటినుంచి గాజుతీగ వస్తుంటే మరీను. గాజులో వెలుగు పారుతుంది, విద్యుత్తు పారదు. ఊరి ఎక్స్‌చేంజిలో ఎన్ని బ్యాటరీలున్నా మన బల్లకు ఒక్క మిల్లీ వాటు కూడా పంపలేదు. పునరేకీకరణ తరవాత తూర్పు జర్మనీలో కొన్నిచోట్ల గాజుతీగలు వేసినప్పుడే ఈ సమస్య ఎదురైంది. న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. నేటి గాజుతీగకు చాలాచోట్ల వీధిలో విద్యుత్ పరికరమేదీ అక్కరలేదు. రాగితీగ మీద వేగం పెంచడానికి వీధి మూలల్లో పెట్టిన బూడిదరంగు పెట్టెలకు అది కావాలి. గాజుతీగకు రెండు కొసలూ బతికుంటే చాలు. ఒక కొస సంస్థది. రెండోది మనది.

లెక్క

2019 ఫిబ్రవరి 19 మధ్యాహ్నం బెర్లిన్‌లోని క్యోపెనిక్ ప్రాంతంలో, వంతెన పనుల కోసం భూమిని తొలుస్తుండగా 110 కిలోవోల్టుల కేబుళ్ళు రెండూ తెగిపోయాయి. ప్రధానమైనదీ, అది పోతే ఆదుకోవలసినదీ. సుమారు 31 వేల ఇళ్ళు, 2 వేల వ్యాపార స్థలాలు దాదాపు 31 గంటలు చీకట్లో ఉన్నాయి. అక్కడి ఆసుపత్రిలోని ఐసీయూ రోగులను వేరేచోటికి తరలించవలసి వచ్చింది. ఇళ్ళ ఫోన్లు మూగబోయాయి. సెల్‌ఫోను టవర్ల బ్యాటరీలు కూడా ఎంతోసేపు నిలవవు. పోలీసులు వీధుల్లో తిరిగి మైకుల్లో ప్రకటనలు చేశారు. సహాయం కావలసినవాళ్ళు నడిచి వెళ్ళి అడగవలసిన పరిస్థితి. ఆ తరవాత బెర్లిన్ నగరం ‘విపత్తు దీపస్తంభాలు’ అనే పేరుతో, కరెంటు పోయినప్పుడు జనం వెళ్ళగలిగే కేంద్రాలను ఏర్పాటు చేసింది.

మా క్లినిక్ అనుభవం దీనిముందు చాలా చిన్నది. అయినా నేను ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆరు ఫోన్లు, ఒక్కొక్కటి 4 వాట్లు: 24. స్విచ్ తనకు తాను తినేది 15. రౌటరు 10. గాజుతీగ కొసనున్న పెట్టె 5. మొత్తం 54; 60 అనుకుందాం. రెండు గంటలు నిలవాలంటే 120 వాట్-గంటలు. మార్పిడిలో పోయేదీ, బ్యాటరీ ముసలితనమూ కలుపుకుంటే 200 ఉండాలి. దుకాణంలో అమ్మే చిన్న యూపీఎస్ డబ్బా మీద ‘700 వీఏ’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది ఎంత బరువు మోయగలదో చెబుతుంది గానీ ఎంతసేపు మోస్తుందో చెప్పదు. లోపల సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ, అంటే 84 వాట్-గంటలు. మా అవసరానికి గంట నిలిస్తే గొప్ప.

మరొక పొరపాటు మా దగ్గరే జరగబోయింది. స్విచ్‌కు, రౌటరుకు యూపీఎస్ ఇచ్చి, గాజుతీగ పెట్టెను మరచిపోయాం. అది వేరే గదిలో, మీటరు పక్కన ఉంది. తిండి గొలుసులో ఒక్కటి పస్తున్నా అందరూ పస్తే. విద్యుత్ పనివాడు ప్రధాన స్విచ్ దించి చూపించేదాకా మాకు తెలియలేదు. వృద్ధుల ఇళ్ళల్లో మెడలో వేసుకునే అత్యవసర బొత్తాం విషయంలోనూ ఇదే ప్రమాదం. ఆ పరికరంలో సొంత బ్యాటరీ ఉంటుంది. అది తన పిలుపును పంపే రౌటరుకు ఉండదు. ఇప్పుడు నా వృద్ధ రోగులను మందుల జాబితాతోబాటు ఈ ప్రశ్న కూడా అడుగుతున్నాను.

మా గోడలో మూడు తరాల తీగలు ఇప్పటికీ ఉన్నాయి: ఎరుపు నలుపుల జంట, నాలుగు తీగల వరస, ఎనిమిది తీగల కేబులు. మొదటి రెండూ ఎవరూ తీయలేదు, వాటిలో ఏమీ పారడం లేదు. బీరువాలో కొత్తగా పెట్టిన సీసపు బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్ళు నిలుస్తుంది. దాన్ని మార్చవలసిన తారీఖు, ఏడాదికి రెండుసార్లు ప్రధాన స్విచ్ దించి ఫోను పలుకుతోందో లేదో చూడవలసిన తారీఖులు టీకాల ఫ్రిజ్ తనిఖీ పట్టిక కింద రాసి అంటించాం. జాడీల్లో నీళ్ళు పోయడానికి ఊరంతా తిరిగే మనిషి నూరేళ్ళ క్రితం ఉండేవాడు. మా క్లినిక్‌కు ఇప్పుడు ఆ పని నాది.